రెండు పాళ్లు పెట్టిన పరీక్ష

న్యాయమైన పరీక్ష పేపరు తయారుచేయడం నాకు వచ్చునని గట్టిగా నమ్మిన సంవత్సరం ఒకటుంది. అంతకుముందు వచ్చునో రాదో ఆలోచించలేదు. ఆ తర్వాత నమ్మకం పోయింది. పోయిందనడం కూడా పూర్తిగా సరి కాదేమో, ఎటూ తేలలేదు అంటే సరిపోతుంది.

ముప్పైల చివరి సంవత్సరాలవి. నేను కామారెడ్డి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. నైజాం కాలం కాబట్టి చదువంతా ఉర్దూలోనే. భౌతికశాస్త్రాన్ని తబీయాత్ అనేవాళ్లం. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఉర్దూ రాసి, అర్థం కానిచోట రెండూ కలిపి నమిలి మింగేవాళ్లు. మా బడికి ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో రెండు థర్మామీటర్లు, ఒక బారోమీటరు, ఒక భూతద్దం, నాలుగు అయస్కాంతాలు, బుద్ధి పుట్టినప్పుడు మాత్రమే మోగే ఒక కరెంటు గంట ఉండేవి. బీరువా తాళంచెవి నా మొలతాడుకు కట్టుకునేవాణ్ణి. అంత భద్రం ఎందుకని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అందులో గాజు సామాను ఒకటి పగిలితే మళ్లీ రావడానికి ఏడాది పట్టేది.

ఎల్లారెడ్డి బడికి అట్లాంటి బీరువా లేదు. బీరువా మాట అటుంచి, తలుపుకు గొళ్లెం కూడా సరిగ్గా ఉండేది కాదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే చిన్నప్పుడు నేను చదువుకున్నది అక్కడే. మాది మహమ్మద్‌నగర్ పక్క పల్లె. ఎల్లారెడ్డిలో మేనత్త ఇంట్లో ఉండి చదివాను. నాకు లెక్కలు నేర్పిన సారు అప్పటికింకా అక్కడే పనిచేస్తున్నారు. అంతకు రెండేళ్ల కింద ఆ బడిలో తొమ్మిదో తరగతిని ప్రయోగంగా తెరిచినప్పుడు, సైన్సు చెప్పడానికి ఎవరూ రాకపోతే ఆ బరువు కూడా ఆయన మీదే పడింది. యాభై దాటిన వయసులో ఆయన తబీయాత్ పుస్తకం మొదటి పుట నుంచి చివరి పుట దాకా కంఠస్థం చేశారు. పిల్లల చేతా చేయించారు. ఎవరైనా నవ్వితే, "నోటికొస్తె సగం వచ్చినట్టే" అనేవారు. మిగతా సగం సంగతి ఆయన చెప్పేవారు కాదు.

ఆ ఏడు బడుల తనిఖీకి వచ్చే అధికారి ఒక ఫర్మానా తెచ్చాడు. ఆయన్ని ముహతమీం సాబ్ అనేవాళ్లం. మాట మెత్తన, సంతకం గట్టి. ఎల్లారెడ్డి తొమ్మిదో తరగతి పిల్లలకూ, కామారెడ్డి తొమ్మిదో తరగతి పిల్లలకూ ఒకేరోజు కామారెడ్డిలో సైన్సు పరీక్ష పెట్టాలి. పేపరు తయారుచేసేదీ, దిద్దేదీ నేనే. ఎల్లారెడ్డి పిల్లలు పద్నాలుగు మందిలో కనీసం ఏడుగురు పాసైతే అక్కడ తరగతి ఉంటుంది. లేకపోతే మూసేస్తారు. అంచు మీద నెగ్గినవాళ్ల కాగితాలు తాను స్వయంగా చూస్తానన్నాడు.

మూసేస్తే ఏమవుతుందో చెప్పుకోనక్కర లేదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పాతిక మైళ్ల పైన. ఇక్కడ చుట్టాలున్న ఒకరిద్దరు వచ్చి చదువుతారు, తక్కినవాళ్లు నాగలి పట్టుకుంటారు. సారుకు ఉద్యోగం పోదు, కింది తరగతులకు ఎక్కాలు చెప్పుకుంటారు. కానీ ఆ తరగతిని ఆయన ఎంతగా ప్రేమించారో నాకు తెలుసు. దాని కోసం ఆయన ముసలితనంలో మళ్లీ పిల్లవాడయ్యారు.

ముహతమీం సాబు మాట విని సారు కామారెడ్డి వచ్చారు. నా ముందర కూర్చుని, నన్ను చిన్నప్పుడు చూసినట్టే కళ్లద్దాల మీది నుంచి చూశారు.

"నీ తాన బీరువున్నది బిడ్డా. మా తాన గోడ ఉన్నది. ఇద్దరికీ ఒక్క తక్కెడనా?" అన్నారు.

ఆ మాట నన్ను వారం రోజులు తిననియ్యలేదు. బీరువాలో ఉన్న వస్తువుల మీద ప్రశ్నలిస్తే ఎల్లారెడ్డి పిల్లలకు అన్యాయం. బీరువా సంగతే ఎత్తకపోతే, ఏడాదంతా వాటితో పనిచేసిన నా పిల్లలకు అన్యాయం. సగం అవీ సగం ఇవీ ఇస్తే ఇద్దరికీ సగం సగం అన్యాయం. ఎన్ని పేపర్లు రాసి చింపానో లెక్క లేదు. మా ఇంటావిడ ఆ చింపిన కాగితాలతోనే వారం రోజులు పొయ్యి ముట్టించింది. "పరీక్ష పిల్లలకా, నీకా?" అని అడిగింది కూడా.

అట్లా తల పట్టుకుని కూర్చున్నప్పుడు మా భూముల పంపకం గుర్తొచ్చింది.

మా వైపు అన్నదమ్ములు విడిపోయినప్పుడు భూమిని పంచే పద్ధతి ఒకటుంది. పెద్దవాడు పాళ్లు పెడతాడు, చిన్నవాడు ఎత్తుకుంటాడు. పాళ్లు పెట్టినవాడికి ఏది వస్తుందో తెలియదు కాబట్టి వాడు వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టి తీరాలి. మా బాపు మూడు రోజులు తాడు పట్టుకుని చేలల్లో తిరిగాడు. నల్లరేగడి ఎటు, చౌడు ఎటు, మోటబావి ఎవరి వైపు, తాటిచెట్లు ఎన్ని, అన్నీ తూచి రెండు పాళ్లు పెట్టాడు. చిన్నబాపు వచ్చి, గెట్టు మీద నిలబడి చూసి, తలమీది రుమాలు తీసి ఒక పాలులో వేశాడు. అంతే, అది ఆయనది. మాట లేదు, కాగితం లేదు. ఆనాడు నాకు పదేళ్లు. తిరిగి వస్తూ బాపు నాతో ఒక మాటన్నాడు.

"పాళ్లు పెట్టేటోడు గిది నాకు రావాలె అనుకోవద్దురా. గది వానికి పోవాలె అని గూడ అనుకోవద్దు."

మొదటి సగం నాకు బాగా గుర్తుంది. రెండో సగం సమయానికి గుర్తు రాలేదు.

సంగతి ముహతమీం సాబుకు చెప్పాను. రెండు పేపర్లు నేను తయారుచేస్తాను, పరీక్ష రోజు పొద్దున ఎల్లారెడ్డి సారు వచ్చి ఒకటి ఎత్తుకుంటారు, మిగిలింది మా పిల్లలకు. ఆయనా భూములున్న ఇంటివాడే. పెద్దగా నవ్వి, ఇంతకంటే ఇన్సాఫ్, ఇంతకంటే న్యాయం ఏముంటుందన్నాడు. నాకు గర్వం కలిగింది. ఏదో కొత్త యంత్రం కనిపెట్టినట్టు రెండు రోజులు ఛాతీ ముందుకు పెట్టుకుని నడిచాను.

పేపర్లు రాశాను. మొదటిది పుస్తకం పేపరు. థర్మామీటరుతో నీళ్ల వేడి ఎట్లా చూస్తావు, బారోమీటరులో పాదరసం ఎందుకు నిలబడుతుంది, భూతద్దంతో దూదిని ఎట్లా అంటిస్తావు, ఇట్లాంటివి. రెండోది బయటి పేపరు. బావి నీళ్లకు మోట కొట్టేటప్పుడు ఎడ్లను ఏటవాలు బాటలో కిందికి ఎందుకు నడిపిస్తారు, బండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి ఎందుకు ఎక్కిస్తారు, కావడిలో ఒకవైపు బరువెక్కువైతే భుజం ఎటు జరపాలి, కొత్త కుండలో నీళ్లెందుకు చల్లబడతాయి. రెండింటికీ నూరేసి మార్కులు, రెండింటిలోనూ అవే సూత్రాలు. ఒక్కో ప్రశ్నను ఒక్కో ప్రశ్న పక్కన పెట్టి తూచాను. తూకం కుదిరింది. కాదు, కుదిరిందని నాకు నేను చెప్పుకున్నాను. రెండో పేపరు రాస్తున్నంతసేపూ నా కళ్ల ముందు ఎల్లారెడ్డి పిల్లలే ఉన్నారు. వాళ్లు మోట కొట్టినవాళ్లు, బండి తోలినవాళ్లు. సారు ఆ పేపరే ఎత్తుకుంటారు, తరగతి నిలుస్తుంది, నా గురుదక్షిణ చెల్లుతుంది. దొంగతనం చేయలేదు, సాయం చేశాను అనుకున్నాను.

పరీక్ష ముందురోజు పద్నాలుగు మంది పిల్లలూ సారుతో బస్సులో దిగారు. సాయంత్రం అందరూ కలిసి స్టేషనుకు పోయి రైలు చూసొచ్చారు. మర్నాడు పొద్దున ముహతమీం సాబు ముందర బల్ల మీద రెండు కాగితాలు పెట్టాను. సారు మొదటిది చదివారు. రెండోది చదువుతుంటే ఆయన ముఖంలో ఏదో కదిలింది. సంతోషం అనుకున్నాను. తర్వాత ఆయన తలమీది రుమాలు తీసి, మడత పెట్టి, మొదటి కాగితం మీద పెట్టారు.

రెండో కాగితాన్ని వేలితో ఆయన వైపు జరిపాను.

"సారూ, మల్లొకసారి చూడుండ్రి" అన్నాను.

"చూసిన బిడ్డా. ఇదే" అన్నారు.

పిచ్చి కోపం వచ్చింది. ఆయన మీదా, రుమాలు మీదా, పాళ్లు పెట్టడం కనిపెట్టిన మా తాతముత్తాతల మీదా. చేసేదేముంది? రుమాలు పడ్డాక మాట లేదు. ఒక గదిలో నల్లబల్ల మీద థర్మామీటరు ప్రశ్న రాశాను. పక్క గదిలో మోట ప్రశ్న రాశాను. ఎల్లారెడ్డి పిల్లలు రాస్తున్న గదికీ మా బీరువాకూ మధ్య ఒక్క గోడ. తాళంచెవి నా మొలకు ఒరుసుకుంటూ ఉంది.

శుక్రవారం సెలవు. వసారాలో కూర్చుని దిద్దడం మొదలుపెట్టాను. ముందు మా పిల్లలవి. వాళ్లలో సగం మంది రైల్వే ఉద్యోగుల కొడుకులు, షావుకార్ల కొడుకులు. మోట సంగతి చూడండి. ఎడ్లు కిందికి దిగుతూ లాగితే వాటి ఒంటి బరువు కూడా లాగుడులో కలుస్తుంది, పని తేలికవుతుంది. నేననుకున్న జవాబు అది. ఒకడు "ఎక్కుతూ లాగితే ఎడ్లకు ఆయాసం" అని రాశాడు. తప్పందామా? ఒకడు "మా తాత అట్లనే నడిపేవాడు" అని రాశాడు. ఒప్పందామా? పల్లె నుంచి వచ్చిన ఇంకొకడు సూత్రం ముక్క లేకుండా, ఎద్దుకు గిట్టలు అరగకుండా బాట మీద ఏ మన్ను పోయాలో రెండు పుటలు రాశాడు. అది చదివి చాలా నేర్చుకున్నాను గానీ ఎన్ని మార్కులు వేయాలో తోచలేదు. మా బడి పిల్లలకు మార్కులు బాగా తగ్గాయి. తర్వాత ఒక షావుకారు నన్ను బజారులో ఆపి, "బండి పట్టాల పరీక్షకు బడెందుకు సారూ, కమ్మరి కొట్టం చాలదా?" అని అడిగాడు.

ఇక ఎల్లారెడ్డి పిల్లలవి. ఆరుగురు పుస్తకాన్ని దించినట్టు రాశారు. అక్షరం పొల్లు పోలేదు. కామా కూడా పుస్తకంలో ఉన్నచోటే ఉంది. ఆరుగురూ పాస్. ఏడుగురు మధ్యలో మరచిపోయారు. పాఠం ఎక్కడ తెగిందో అక్కడే తెగింది. ఏడుగురూ ఫెయిల్. మిగిలింది ఒక్క కాగితం, పదకొండో నంబరుది.

పేర్లు రాయించలేదు, నంబర్లే. అది కూడా న్యాయం కోసమే. పదకొండో నంబరుకు తక్కిన ప్రశ్నల్లో ఇరవై ఏడు వచ్చాయి. ముప్పై మూడు రావాలి. థర్మామీటరు ప్రశ్నకు పది మార్కులు. దానికి ఆరు పడితే పిల్లవాడు గట్టెక్కుతాడు, ఎల్లారెడ్డి తరగతి గట్టెక్కుతుంది. ఆ ప్రశ్నకు ఉర్దూలో వాడు రాసినదాన్ని వాడి మాటల్లోనే తెలుగులో చెబుతాను.

"థర్మామీటరు నేను చూడలేదు. మా సారు గూడ చూడలేదని మాకు చెప్పిండు. గోడ మీద బొగ్గుతోని బొమ్మ గీసి చూపిచ్చిండు. పుస్తకంల ఉన్నది రాస్తె నేను చూసినట్టు అబద్ధం రాసినట్టయితది. నా చేతికిస్తె మొదలు చల్లని నీళ్లల పెడుత. మల్ల వేడి నీళ్లల పెడుత. లోపల ఏది కదిలితె గది చూసుడే. కదలనిది గాజు."

పుస్తకం ప్రకారం ఆ జవాబుకు రెండు మార్కులు దాటవు. పాదరసం గుండు లేదు, గొట్టం లేదు, నీళ్లు మరిగే రెండు వందల పన్నెండు ఫారెన్‌హీట్ డిగ్రీల మాట లేదు. పుస్తకం మూసి చూస్తే, నా ఉద్యోగంలో నేను చదివిన అన్ని జవాబుల్లో తబీయాత్ అంటే ఏమిటో తెలిసి రాసింది అదొక్కటే.

అంతవరకైతే ధైర్యం చేసేవాణ్ణి. మధ్యలో ఆ వాక్యం ఉంది, మా సారు గూడ చూడలేదని. ఆరు వేస్తే పిల్లవాడు అంచు మీద నెగ్గినవాడవుతాడు, కాగితం ముహతమీం సాబు చేతికి పోతుంది. సైన్సు చెప్పే మనిషే థర్మామీటరు ఎరగకపోతే అదేం తరగతి, మూసేయండి అనడానికి ఆ వాక్యం ఒక్కటి చాలు. రెండు వేస్తే కాగితం ఎక్కడికీ పోదు, సారు పరువు నిలుస్తుంది, కానీ ఆరుగురే నెగ్గినట్టవుతుంది, తరగతి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఆ నుయ్యీ గొయ్యీ రెండూ నేనే తవ్వి ఉన్నాను.

ఒక్కటే దారి తోచింది. ఇప్పుడు తలచుకుంటే అది తెలివో తెలివితక్కువో చెప్పలేను. ఆ వాక్యం రాసిననాటికి నిజం. ముహతమీం సాబు చదివేనాటికి అది నిజం కాకుండా ఉంటే చాలు కదా? బీరువా తీసి ఒక థర్మామీటరును దూదిలో చుట్టి, ఎల్లారెడ్డి బడికి అరువు ఇచ్చినట్టు రిజిస్టరులో రాసి, బస్సెక్కాను. పాతిక మైళ్లూ దాన్ని ఒళ్లో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

ఎల్లారెడ్డిలో పాత గోడ, పాత చాపలు. గోడ మీద బొగ్గుతో గీసిన థర్మామీటరు బొమ్మ ఉంది, నిలువెత్తున. పిల్లలను పిలిచి, ఒక గిన్నెలో కుండ నీళ్లు, ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పెట్టించాను. పాసైన ఆరుగురిలో మొదటివాడి చేతికి థర్మామీటరిచ్చి గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూడమన్నాను. వాడు చూశాడు. పాదరసం దారం ఎంత సన్నగా ఉంటుందంటే, కడ్డీని కొంచెం తిప్పి వెలుగుకు పట్టి చూస్తే గానీ కంటికి ఆనదు. వాడు తిప్పలేదు.

"కనిపించిందా?"

"కనిపిచ్చింది సార్."

"ఎంత?"

"రెండు వందల పన్నెండు."

గిన్నెలో నా వేలు పెట్టి చూసుకున్నాను. తల్లి బిడ్డకు స్నానం పోసేంత వేడి. రెండోవాడూ రెండు వందల పన్నెండే అన్నాడు. మూడోవాడూ అంతే. వాళ్లు అబద్ధమాడుతున్నారని నాకు అనిపించలేదు. పెద్దవాళ్లు చూపిస్తే కనిపించింది అనాలి, అది మర్యాద. పుస్తకంలో ఉన్న అంకె చెప్పాలి, అది చదువు.

పదకొండో నంబరెవరని అడిగితే ఒక సన్నటి పిల్లవాడు లేచాడు. కాగితంలో రాసినట్టే మొదట చల్లనీళ్లలో పెట్టాడు. తర్వాత వెచ్చని నీళ్లలో పెట్టి కడ్డీని అటూ ఇటూ తిప్పుతూ చూశాడు. ఉన్నట్టుండి వాడి కళ్లు పెద్దవయ్యాయి.

"ఎక్కుతున్నది సార్! వెండి తీగ!" అన్నాడు.

నూట ఒకటి అని చదివాడు. నేను చూశాను, నూట ఒకటే. అప్పటికప్పుడు జేబులోంచి వాడి కాగితం తీసి పదికి ఆరు వేశాను. ఎనిమిది రావలసిన జవాబుకు ఆరు వేశానా, రెండు రావలసిన దానికి ఆరు వేశానా, లేక తరగతికి ఆరు కావాలి కాబట్టి ఆరు వేశానా? చేతిని అడిగినా అది చెప్పదు.

పిల్లలు వెళ్లాక సారు నా దగ్గరికి వచ్చారు. ఇంతసేపూ ఆయన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా చెయ్యి చాచారు.

"ఏది బిడ్డా, నన్నొకసారి చూడనియ్యి."

కళ్లద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. కడ్డీని ముక్కుకు ఆనించారు, దూరం పెట్టారు.

"ఏడున్నది పాదరసం?" అన్నారు.

నాకు భిన్నాలు నేర్పిన మనిషి. నేను తప్పు చేసినప్పుడు కొట్టకుండా పక్కన కూర్చుని మళ్లీ చెప్పిన మనిషి. ఆయన చేతిలోని కడ్డీని వెలుగుకు తిప్పి, "గిట్ల గుండును పిడికిట్ల పట్టుకోండ్రి సారూ, వేడికి ఎక్కుతది, గప్పుడు కానొస్తది" అని చూపించాను. ఆయన పిడికిట్లో పట్టుకున్నారు. చాలాసేపటికి, "ఆ, దొరికింది, దొరికింది" అన్నారు. ఆ ముఖం నేను మరచిపోలేదు.

బస్సు దాకా సాగనంపడానికి వచ్చారు. ఇక ఆగలేక అడిగాను.

"మోట పేపరు ఎందుకు ఎత్తుకోలేదు సారూ? మన పిల్లలకు సులువు గదా?"

"గందుకే" అన్నారు. "గది చదువుతుంటెనే తెలిసింది, గది మా పేరు పెట్టి రాసిందని. పేరు పెట్టి పెడితె గది పాలు గాదు బిడ్డా, దానం. దానం మీద తరగతి నిలబెడుదునా?"

నాకు బాపు మాటలో రెండో సగం అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది.

"పౌరుషం మీది, పరీక్ష పిల్లలది సారూ" అనేశాను. జీవితంలో ఆయనతో అంత మాట అన్నది అదొక్కసారే.

ఆయన కోప్పడలేదు.

"అవు" అన్నారు. "గదే నాకు గూడ సమజైతలేదు."

ఎండాకాలం సెలవులకు ముందు ముహతమీం సాబు నన్ను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి వచ్చాడు. చేతిలో పదకొండో నంబరు కాగితం. ఆ వాక్యం కింద ఎర్ర గీత ఉంది. తరగతి గదిలోకి పోగానే, ఈ పిల్లవాడు రాసింది నిజమేనా అని సారును అడిగాడు.

"రాసిననాడు నిజమే హుజూర్" అన్నారు సారు. కిటికీ వైపు చెయ్యి చూపించారు. అక్కడ మేకుకు దారంతో థర్మామీటరు వేలాడుతోంది. దాని పక్కన గోడ మీద సున్నం పూసి, నిలువు గీతలు గీసి, రోజూ పొద్దునా మధ్యాహ్నం చూసిన డిగ్రీలు రాసి ఉన్నాయి. ఆయన ముత్యాల్లాంటి చేతిరాత. ముహతమీం సాబు దగ్గరికి పోయి చూశాడు. ఒక్కరోజు కూడా తప్పలేదని, కామారెడ్డిలో కూడా ఇట్లా రాసేవాళ్లు లేరని మెచ్చుకున్నాడు. అది నా మీద పడిన దెబ్బే గానీ పట్టించుకోలేదు. నేను అంకెలు చదువుతున్నాను.

తొంభై మూడు. తొంభై రెండు. తొంభై మూడు. తొంభై మూడు. పొద్దున తొంభై రెండు, మధ్యాహ్నం తొంభై మూడు. వాన పడ్డ రోజూ అంతే. బయట రాళ్లు పగిలే ఎండ, ఆ నెలంతా గోడ మీద మాత్రం ఒకటే వేడి.

అది ఎల్లారెడ్డి వేడి కాదు. అది ఆయన అరచేతి వేడి. రోజూ రెండుసార్లు దాన్ని మేకు మీద నుంచి తీసి, నేను చూపించినట్టే గుండును పిడికిట్లో పట్టుకుని, తీగ కనిపించేదాకా ఆగి, చదివి, రాశారు. నేను నేర్పిన పాఠాన్ని అక్షరం పొల్లు పోకుండా ఒప్పజెప్పారు.

చాప మీద కూర్చున్న పదకొండో నంబరు పిల్లవాడు నా వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. వాడికి తెలుసు.

ముహతమీం సాబు కలం తీస్తూ నన్ను అడిగాడు, ఇవన్నీ సహీగా, సరిగ్గా ఉన్నాయి కదా అని. పరీక్షకుణ్ణి నేను. పద్నాలుగు మందిని తూచినవాణ్ణి, మా పిల్లల మార్కులు నిర్దాక్షిణ్యంగా కోసినవాణ్ణి.

"జీ హుజూర్, సహీ" అన్నాను.

ఆయన పుస్తకంలో సంతకం పెట్టాడు. తరగతి నిలిచింది. పిల్లవాడు తల దించుకున్నాడు. నన్ను క్షమించాడో, నా మీద గౌరవం పోయిందో నేను అడగలేదు.

ముహతమీం సాబు మోటారు కదిలి దుమ్ము అణిగాక సారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"మన ఎల్లారెడ్డిల ఎండ గింత నిలకడ మీద ఉంటదని నాకు గూడ తెల్వకుండె బిడ్డా" అన్నారు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. కళ్లద్దాల మీద ఎండ పడి కళ్లు కనిపించలేదు. ఆయన నిజంగానే అన్నారో, అంతా తెలిసి నవ్వుతూ అన్నారో నాకు ఈనాటికీ తేలలేదు. అప్పుడు మాత్రం, "అవును సారూ" అన్నాను.